కాలేజీ జెర్సీ తొందరపడి విప్పేస్తున్నారు

మా రోజుల్లో కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో చోటు దొరికిందంటే ఇంట్లోవాళ్ళకి సగం బెంగ తీరిపోయేది. విశాఖపట్నంలో ఆటగాణ్ణి పిలిచి ఉద్యోగం ఇచ్చే గేట్లు అన్ని ఉండేవి మరి. పోర్టు ట్రస్టు, షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు, బీహెచ్‌పీవీ, తర్వాత వచ్చిన స్టీల్ ప్లాంటు, అన్నిటికంటే ముందు మా రైల్వే. కాలేజీ టోర్నమెంటు సెమీఫైనల్ జరుగుతుంటే గ్రౌండు గట్టు మీద సఫారీ సూటులో ఇద్దరు ముగ్గురు కూర్చునేవారు. వాళ్ళు ఏదో ఒక కంపెనీ స్పోర్ట్స్ అసోసియేషన్ వాళ్ళని అందరికీ తెలుసు. మ్యాచ్ అయ్యాక వాళ్ళు కుర్రాడి దగ్గరికి వచ్చేవారు కాదు, తిన్నగా మా ఫిజికల్ డైరెక్టరు, పీడీ గారి దగ్గరికి వెళ్ళేవారు. "ఆ ఏడో నంబరు వాడు ఏ ఇయరు?" అని అడిగేవారు. "ఫైనల్ ఇయర్" అంటే మాట ముందుకు సాగేది. "ఫస్టియర్" అంటే "సరే, పూర్తి చెయ్యనివ్వండి, మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోయేవారు. నిజంగానే మళ్ళీ వచ్చేవారు.

నేను డిగ్రీ చదివింది 1977 నుంచి 1980 దాకా. మాది సిమెంటు కోర్టు, చెక్క బోర్డు, నెట్టు లేని రింగు. బంతి బోర్డుకి తగిలితే పక్క క్లాసురూములో పాఠం ఆగేది. మూడు పాయింట్ల గీత అప్పటికి లేదు, అంతర్జాతీయ నియమాల్లోకి అది వచ్చింది 1984లో. ఎంత దూరం నుంచి వేసినా రెండే పాయింట్లు కాబట్టి ఎవడూ దూరంగా నిలబడి అదృష్టాన్ని పరీక్షించుకునేవాడు కాదు. లోపలికి దూసుకెళ్ళాలి, మోచేతులు తినాలి, లే-అప్ వెయ్యాలి. కాన్వాస్ బూట్లు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర టైరు ముక్క వేయించుకునేవాళ్ళం. ఈ కష్టాలు గొప్పగా చెప్పుకోవడానికి చెప్పడం లేదు. అందులో ఒక క్రమం ఉండేది, దాని గురించి చెబుతున్నాను.

ఆ క్రమానికి కాపలాదారు పీడీ గారు. ఆయన దగ్గర రెండు రిజిస్టర్లు ఉండేవి. ఒకటి ప్రాక్టీసు హాజరు, రెండోది మా మార్కులు. జట్టు ఊరు దాటి వెళ్ళాలంటే రెండో రిజిస్టరు కూడా తీసేవారు. ఒక సబ్జెక్టు తప్పినవాడి పేరు టూర్ లిస్టులోంచి కొట్టేసేవారు. మా సెంటర్ ఆటగాడు, ఆరడుగుల రెండంగుళాల మనిషి, ఎకనమిక్స్ పోయిందని ఒక ఏడాది మాతో రాలేదు. వాడు లేక ఆ టోర్నమెంటులో మేం మొదటి రౌండులోనే ఓడిపోయాం. తిరిగి వచ్చాక పీడీ గారు వాణ్ణి ఒక్క మాట అనలేదు. సప్లిమెంటరీకి ఫీజు తన జేబులోంచి కట్టారు. వాడు తర్వాత పోర్టులో చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యాడు.

ఇంటర్ యూనివర్సిటీ సెలక్షన్ అంటే ఇంకా పెద్ద మాట. ఆంధ్రా యూనివర్సిటీ జట్టుకి ఎంపికైతే సౌత్ జోన్ పోటీలకి రైల్లో వెళ్ళేవాళ్ళం. రైల్వే కన్సెషన్ ఫారం, హోల్డాలు, ఇంటి నుంచి కట్టించుకున్న పులిహోర. అక్కడ ఏదో కాలేజీ తరగతి గదిలో బల్లలు పక్కకి జరిపి నేల మీద పడుకోవడం. కేరళ వాళ్ళ ఎత్తు, మద్రాసు వాళ్ళ వేగం చూసి మా ఆట ఎంతో మాకు తెలిసొచ్చేది. తిరిగి వచ్చాక ఒక కాగితం చేతికిచ్చేవారు. ఆ కాగితం గురించి ఇప్పటి పిల్లలకి ఎవరూ చెప్పడం లేదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కేంద్ర ప్రభుత్వం 1980 ఆగస్టులో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతిభ ఉన్న క్రీడాకారుల్ని పోటీ పరీక్షతో పనిలేకుండా గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగాల్లోకి తీసుకోవచ్చని దాని సారాంశం. ఎవరు ప్రతిభావంతులు? దేశానికి ఆడినవాళ్ళు, రాష్ట్రానికి ఆడినవాళ్ళు, వాళ్ళతోపాటు ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో తమ యూనివర్సిటీకి ఆడినవాళ్ళు. ఒక్కో వర్గానికి ఒక్కో సర్టిఫికెట్ నమూనా. యూనివర్సిటీ వాళ్ళది ఫారం-3. యూనివర్సిటీ క్రీడా విభాగం అధికారి సంతకం, సీలు, ఏ ఆట, ఏ ఊళ్ళో, ఎన్నో స్థానం. దేశానికి ఆడేంత ఆట అందరికీ ఉండదు. రాష్ట్రానికి ఆడాలంటే అసోసియేషన్ల రాజకీయం దాటాలి. మామూలు ఇంట్లో పుట్టి మంచి ఆట ఉన్న కుర్రాడికి చేతికందే మెట్టు ఫారం-3. కాలేజీలో ఉంటేనే అది వస్తుంది. కాలేజీ మానేసినవాడికి ఎంత ఆట ఉన్నా రాదు.

నన్ను సౌత్ ఈస్టర్న్ రైల్వేలోకి తీసుకెళ్ళింది ఆటే. వాల్తేరు డీజిల్ లోకో షెడ్డులో ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు, డివిజన్ జట్టు, ఏటా కలకత్తా గార్డెన్ రీచ్‌లో జోనల్ సెలక్షన్లు. టోర్నమెంటుకి వెళ్తే స్పెషల్ క్యాజువల్ లీవు, జీతం ఆగదు. మోకాలు మొరాయించిన రోజున బూట్లు విప్పి షెడ్డు డ్యూటీకి వెళ్ళిపోయాను. ఆట ఆగినా బతుకు ఆగలేదు. రైల్వే స్పోర్ట్స్ ప్రమోషన్ బోర్డు 1928 నుంచి ఉంది, ఎన్ని వేల ఇళ్ళలో దీపం వెలిగించిందో లెక్క లేదు. పి.వి. సింధు ఇల్లే చూడండి. తండ్రి పి.వి. రమణ, తల్లి విజయ, ఇద్దరూ వాలీబాల్ ఆడి రైల్వేలో ఉద్యోగం చేసినవాళ్ళు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టులో రమణ ఉన్నాడు. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఇల్లు కాబట్టే కూతురు రాకెట్ పట్టుకుంటే కాదనే అవసరం రాలేదని నా నమ్మకం.

ఇక ఇప్పటి సంగతి.

గోపాలపట్నంలో పొద్దున్నే ఐదింటికి బజ్జీ జంక్షన్ దగ్గర నిలబడితే చాలు. బండి మీద ముగ్గురేసి, వీపున కిట్ బ్యాగులు, ఎన్ఏడీ వైపు పోతుంటారు. కొందరు అకాడమీలకి, కొందరు పీఎం పాలెం వైపు నెట్స్‌కి. ఆపి అడుగుతాను, నాకు అలవాటు. "ఏం చదువుతున్నావు నాన్నా?" "బీకాం సెకండియర్ తాతా. కాలేజీకి ఎల్లట్లేదు." "మరి పరీక్షలు?" "తర్వాత చూసుకుంటాను." ఇంకొకడు ఇంటర్ తోనే ఆపేశాడు. మరొకడు కబడ్డీ, డిగ్రీలో చేరాడు గానీ హాస్టలు ఏదో రాష్ట్రంలో ఉన్న ప్రైవేటు అకాడమీది. పిల్లల్లో ఆట లేదని నేను అనను. మాకంటే గట్టిగా ఉన్నారు, ఒంటి మీద శ్రద్ధ ఉంది, తిండి లెక్క తెలుసు. కానీ వాళ్ళు వదిలేస్తున్నది ఏమిటో వాళ్ళకి తెలియదు. దానికే నా కోపం.

ఎవణ్ణి అడిగినా ఒకటే పేరు, క్రికెటర్ నితీష్ కుమార్ రెడ్డి. మన విశాఖ కుర్రాడే, గర్వపడాల్సినవాడే. తండ్రి ముత్యాలరెడ్డి హిందుస్తాన్ జింక్‌లో ఉద్యోగం చేసేవాడు. ఉదయపూర్‌కి బదిలీ వస్తే కొడుకు ఆట దెబ్బతింటుందని ఉద్యోగమే వదులుకున్నాడు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో ఆ పిల్లవాడు 99 మీద ఉండగా బుమ్రా ఔటయ్యాడు. మిగిలింది సిరాజ్ ఒక్కడు. కమిన్స్ వేసిన మూడు బంతులు సిరాజ్ కాచుకున్నాడు. తర్వాత బోలాండ్ బంతిని నితీష్ బౌండరీకి కొట్టాడు. స్టాండ్స్‌లో ముత్యాలరెడ్డి ఏడుస్తుంటే ఇక్కడ మా వీధిలో టీవీల ముందు కళ్ళు తుడుచుకోని తండ్రి లేడు. నేనూ తుడుచుకున్నాను.

అయితే ఆ శతకం చూసినవాళ్ళు దాని వెనకున్న మెట్లు చూడలేదు. 2017-18లో విజయ్ మర్చంట్ ట్రోఫీలో, పదహారేళ్ళలోపు పిల్లల పోటీల్లో, వాడు 1237 పరుగులు చేశాడు. నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లో 441. ఆ ఏడాది ఆ వయసువాళ్ళలో దేశంలో ఉత్తమ ఆటగాడని బోర్డు అవార్డిచ్చింది. 2020 జనవరిలో ఆంధ్ర తరఫున రంజీ ఆడాడు. హైదరాబాద్ సన్‌రైజర్స్ వాళ్ళు 20 లక్షలకి తీసుకున్నది 2023 సీజన్‌కి. అంటే చేతిలో రంజీ అనుభవం, బోర్డు అవార్డు ఉన్నాకే. 2024లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అయ్యాక గానీ 6 కోట్ల మాట రాలేదు. బీకాం రెండో ఏడాది వదిలేసి, జిల్లా జట్టులో కూడా పేరు లేకుండా "నితీష్ లాగే" అనే కుర్రాణ్ణి చూస్తే, ముత్యాలరెడ్డి చేసిన త్యాగం ఎంత లెక్కతో చేసిన త్యాగమో వాళ్ళ నాన్నకి కూర్చోబెట్టి చెప్పాలనిపిస్తుంది.

లెక్క కావాలంటే 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన ఐపీఎల్ వేలం తీసుకోండి. పేర్లు ఇచ్చినవాళ్ళు 1574 మంది. అమ్ముడైనవాళ్ళు 182 మంది. అందులో విదేశీయులూ ఉన్నారు, పదేళ్ళుగా ఆడుతున్నవాళ్ళూ ఉన్నారు. ఆ 1574లో పేరు ఉండాలన్నా దాని కింద ఎంతమంది జిల్లాల్లో, అకాడమీల్లో మిగిలిపోయి ఉంటారో ఊహించుకోండి. అమ్ముడైనంత మాత్రాన ఆట దొరుకుతుందా? మన కె.ఎస్. భరత్‌నే చూడండి. రంజీల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి వికెట్ కీపర్ అతను, 2015లో గోవా మీద 308. అదే ఏడాది ఢిల్లీ జట్టు అతన్ని తీసుకుంది. ఐపీఎల్ మైదానంలో దిగే అవకాశం వచ్చింది మాత్రం 2021లో, బెంగళూరు తరఫున. అన్నాళ్ళూ రంజీ ఆడుకుంటూ, ఓర్చుకుంటూ ఉన్నాడు. 2023లో నాగ్‌పూర్‌లో టెస్టు ఆడాడు. అంతటి ఆటగాడే అన్నేళ్ళు బెంచీ మీద కూర్చున్నాడంటే, చదువు ఆపేసి వచ్చిన పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు ఆ బెంచీ మీద ఏం ధైర్యంతో కూర్చుంటాడు?

కబడ్డీది మరో దారి. 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్‌కి విశాఖే సొంత ఊరు. రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియంలో మ్యాచ్‌లకి నేనూ వెళ్ళాను. మట్టిలో ఆడే ఆట దీపాల కింద మ్యాట్ మీదికి వచ్చిందని సంబరపడ్డాను. 2019లో టైటాన్స్ వాళ్ళు సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకి కొన్నారు. 2023లో పవన్ సెహ్రావత్‌కి 2.6 కోట్లు పైనే పెట్టారు. మంచిదే, కబడ్డీ ఆటగాడికి అంత ధర పలకాల్సిందే. కానీ మ్యాట్ మీద మోకాలు ఎప్పుడు తిరిగిపోతుందో ఎవరికీ తెలియదు. ఒక సీజన్ కాంట్రాక్టు పట్టుకుని వెళ్ళి లిగమెంటు తెగి ఇంటికి చేరిన కుర్రాడు మా వెనక వీధిలో ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు. ఆపరేషను అయింది, లీగు అయిపోయింది. వాడి దగ్గర ఫారం-3 లేదు, డిగ్రీ లేదు, ఇంటర్ మార్కుల జాబితా ఒక్కటే ఉంది. ఇప్పుడు ఫుడ్ డెలివరీ బండి తోలుతున్నాడు. కష్టపడి పనిచేస్తున్నాడు, దానికేం సిగ్గు లేదు. అంత ఆట ఉన్నవాడికి రెండో తలుపు మూసి పంపించాం కదా అన్నదే నా బాధ.

ఇంతవరకూ పిల్లల్ని అన్నాను. వాళ్ళకంటే గట్టిగా అనాల్సింది కాలేజీల్ని. ఇవాళ మన ఊళ్ళో ఇంటర్ కాలేజీ అంటే ఏమిటి? అపార్ట్‌మెంటు కోసం కట్టిన ఐదంతస్తుల భవనం, కిటికీలకి ఇనుప జాలీ, పొద్దున ఆరున్నర నుంచి రాత్రి దాకా స్టడీ అవర్. గ్రౌండు లేదు. పీడీ పోస్టు ఉంటే ఉంటుంది, ఆయన పని ఫీజుల లైన్లో పిల్లల్ని నిలబెట్టడం. పదిహేను పదహారేళ్ళ వయసు, ఆట చేతికి పట్టుబడే వయసు, ఆ రెండేళ్ళూ పిల్లవాణ్ణి కుర్చీకి కట్టేస్తారు. ఆట మీద ప్రాణం ఉన్నవాడు అప్పుడే తేల్చుకోవాల్సి వస్తోంది, కాలేజీనా గ్రౌండా అని. మా రోజుల్లో ఆ ప్రశ్నే పుట్టలేదు. గ్రౌండు కాలేజీలోనే ఉండేది. క్లాసు అయ్యాక గేటు దాటకుండా కోర్టులోకి వెళ్ళేవాళ్ళం. డిగ్రీ కాలేజీల్లో కొన్ని ఇప్పటికీ నయమే గానీ, అక్కడికి చేరేసరికే పిల్లవాడి మనసు కాలేజీ మీంచి లేచిపోతోంది. హాజరు 75 శాతం లేదని టోర్నమెంటు ఆడొచ్చిన పిల్లవాడికి హాల్ టికెట్ ఆపి, కండొనేషన్ ఫీజు కట్టమంటారు. యూనివర్సిటీ తరఫున ఆడినందుకు జరిమానా ఏమిటో నాకు ఈనాటికీ అర్థం కాదు.

బాస్కెట్‌బాల్ పుట్టిన అమెరికాలో ఈ తగాదా ఎప్పటినుంచో ఉంది. 1971లో స్పెన్సర్ హేవుడ్ అనే ఆటగాడి కేసు వాళ్ళ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నాలుగేళ్ళ కాలేజీ ముగియకుండానే ఎన్‌బీఏలో ఆడొచ్చని తలుపు తెరుచుకుంది. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయాంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ హైస్కూలు నుంచి తిన్నగా వెళ్ళిపోయారు. 2005లో లీగు వాళ్ళు పంతొమ్మిదేళ్ళు నిండాలని నియమం పెట్టుకున్నారు. దాంతో ఒక్క ఏడాది కాలేజీకి ఆడి వెళ్ళిపోవడం పద్ధతైంది. 2021 నుంచి కాలేజీలో ఉంటూనే తన పేరు మీద ప్రకటనల డబ్బు సంపాదించుకోవచ్చన్నారు, ఆ తర్వాత తొందరపడేవాళ్ళు తగ్గారు. ఇది గమనించాల్సిన సంగతి. పిల్లలు కాలేజీ వదిలేది ఆట మీద ప్రేమ ఎక్కువై కాదు, ఇంట్లో డబ్బు అవసరం ఎక్కువై. ఉన్నచోటే కాస్త డబ్బు దొరికితే ఉంటారు.

అక్కడి గొప్ప ఆటగాళ్ళలో ముందుగా వెళ్ళినవాళ్ళు చాలామందే. మైకేల్ జోర్డాన్ మూడేళ్ళకే నార్త్ కరోలినా యూనివర్సిటీ వదిలాడు, 1984లో. రెండేళ్ళలో మళ్ళీ చదివి డిగ్రీ పూర్తి చేశాడు. షాకిల్ ఓనీల్ 1992లో వెళ్ళిపోయి 2000లో పట్టా తీసుకున్నాడు. టిమ్ డంకన్ అయితే ఎన్‌బీఏ పిలుస్తున్నా నాలుగేళ్ళూ వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలోనే ఉండి 1997లో ఆటగాళ్ళ ఎంపికలో మొదటి పేరుగా వెళ్ళాడు. నాకు వీళ్ళందరికంటే ఇష్టమైనది విన్స్ కార్టర్ కథ. అతనూ మూడేళ్ళకే వెళ్ళినవాడే, మిగిలిన చదువు తర్వాత పూర్తి చేసుకున్నాడు. 2001 మే 20న స్నాతకోత్సవం. అదే రోజు సాయంత్రం ఫిలడెల్ఫియా మీద సిరీస్‌లో ఏడో మ్యాచ్, ఓడితే ఇంటికే. పొద్దున్న నార్త్ కరోలినాలో గౌను వేసుకుని పట్టభద్రుల మధ్య కూర్చుని, విమానమెక్కి ఫిలడెల్ఫియా చేరి మ్యాచ్ ఆడాడు. ఆఖరి క్షణంలో అతను వేసిన బంతి రింగులో పడలేదు. అతని జట్టు టొరంటో ఒక్క పాయింటుతో ఓడిపోయింది. స్నాతకోత్సవానికి వెళ్ళడం వల్లే ఓడారని జనం ఆడిపోసుకున్నారు. నేను మాత్రం ఆ మనిషికి చేతులెత్తి మొక్కుతాను. కోట్లు సంపాదించే ఆటగాడు, ఆ రోజున తల్లికి ఇచ్చిన మాటకీ జట్టుకీ రెంటికీ హాజరయ్యాడు.

మన దేశం నుంచి ఎన్‌బీఏ తీసుకున్న మొదటివాడు సత్నాం సింగ్, పంజాబ్ కుర్రాడు. ఏడడుగులు దాటిన మనిషి. 2015లో డల్లాస్ జట్టు 52వ పేరుగా పిలిచింది. అమెరికాలో కాలేజీ ఆట ఆడకుండానే వెళ్ళాడు. ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. తర్వాత కుస్తీ రింగులోకి వెళ్ళాడు. పేరు వచ్చింది, కాదనను. ఆట ముదరకముందే పెద్ద బరిలో దింపితే అంత ఎత్తు మనిషికీ ఏమైందో చూడమని మాత్రం అంటాను.

దానికి ఎదురుగా మన జ్యోతి యర్రాజి ఉంది. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఆసుపత్రిలో పని. విశాఖ పోర్టు హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడింది. పోర్టు కట్టిన బడి, అందులో ఒక పీఈటీ, ఆయనకో చూపు. నేను ఇందాకటి నుంచి చెబుతున్న పాత ఏర్పాటు అదే. 2020లో మూడబిదిరిలో ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో నాగార్జున యూనివర్సిటీ తరఫున 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. డోపింగ్ పరీక్ష జరగలేదని దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. అమ్మాయి తప్పేం లేదు, అయినా ఎంత కడుపు మండి ఉంటుంది! ట్రాక్ వదల్లేదు. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో 12.78 పరిగెత్తి జాతీయ రికార్డు కొత్తగా రాసింది. అవి ఏ పోటీలనుకున్నారు? ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు. అప్పటికే ఆసియా ఛాంపియన్ అయిన పిల్ల, యూనివర్సిటీ విద్యార్థిగా వెళ్ళి కంచు పతకం తెచ్చింది. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో ఆ అంశంలో పరిగెత్తిన మొదటి భారతీయురాలైంది. యూనివర్సిటీ జెర్సీ వేసుకుంటే ఆట వెనకబడుతుందని ఎవరైనా నాతో అంటే ఈ పిల్ల పేరు చెబుతాను.

మా పక్కింటి కుర్రాడు బీఎస్సీ రెండో ఏడాది. బాస్కెట్‌బాల్ ఆడతాడు, నా చేతుల మీద డ్రిబ్లింగ్ నేర్చుకున్నవాడు. ఎడమ చేత్తో వాడు వేసే లే-అప్ చూడాలి, బంతి బోర్డుకి తాకిన చప్పుడు కూడా రాదు. వాడూ మానేస్తానంటున్నాడు. ఢిల్లీ వైపు ఏదో అకాడమీ, అక్కణ్ణించి లీగు అని ఎవరో ఫోన్లో చెప్పారట. నేను నా పాత పాట మొదలెడితే వాడు ఊరుకోలేదు.

"ఏటి తాతా, మీ టైముల ఉద్యోగాలు ఇప్పుడెక్కడున్నాయి? జింకు మూసీసారు. స్టీల్ ప్లాంటుని అమ్మీస్తామన్నారు. ఉన్నకాడల్లా కాంట్రాక్టోళ్ళే. ఆ ఫారం పట్టుకుని నేనేటి చేసుకోవాలి?"

వాడి మాటలో నిజం ఉంది. జింక్ స్మెల్టర్ 2012లో మూతపడింది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటుని అమ్ముతామని 2021 జనవరిలో కేంద్రం అంది. గ్రౌండు గట్టు మీద సఫారీ సూట్లవాళ్ళు ఇప్పుడు రావడం లేదు. ఆ గేట్లు మూసినవాళ్ళే మా పిల్లల్ని కాలేజీ నుంచి బయటికి తోశారని నేను గట్టిగా నమ్ముతున్నాను. స్పోర్ట్స్ కోటాలో ఏటా పదిమందిని తీసుకునే ఫ్యాక్టరీ ఒకటి మూతపడితే, దాని చుట్టుపక్కల వంద ఇళ్ళలో పిల్లలు ఆట మీద చదువుకునే ధైర్యం పోగొట్టుకుంటారు.

అయినా వాడికి నా జవాబు ఉంది. రైల్వే ఇంకా తీసుకుంటోంది. పోస్టల్, ఆదాయపు పన్ను శాఖ, పోలీసు, బలగాలు, అన్నీ స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు వేస్తున్నాయి. పోస్టులు తగ్గాయి, పోటీ పెరిగింది. పోటీ పెరిగినప్పుడు చేతిలో కాగితం ఉన్నవాడే లైన్లో నిలబడగలడు. పైగా మాకు లేని వెసులుబాటు వీళ్ళకి ఉంది. కొత్త విద్యా విధానంలో ఏడాది చదివి ఆపినా సర్టిఫికెట్, రెండేళ్ళకి డిప్లొమా, మళ్ళీ వచ్చి మిగిలింది పూర్తి చేస్తే డిగ్రీ అని రాసుకున్నారు. క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంకు 2021 నుంచి ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్య 1972 నుంచి నడుస్తోంది, మా షెడ్డులో ఎంతమంది ఫిట్టర్లు అందులో బీఏ పాసై ప్రమోషన్లు తెచ్చుకున్నారో నాకు తెలుసు. ఇవన్నీ కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. పెట్టరు. వాణ్ణి వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్తే, "ఆటల పిల్లలకి ఇవన్నీ ఎందుకండీ" అన్నారు. ఆయనకి నేను మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పాను. ఆటల పిల్లలకే కావాలి ఇవి, మిగతావాళ్ళు ఎలాగూ క్లాసులోనే ఉంటారు కదా అని.

లీగులవాళ్ళకి కూడా నా మాట ఒకటి. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడితో కాంట్రాక్టు రాసుకుంటున్నారు. అందులో వాడి చదువు ఫీజు, పరీక్షల రోజులకి సెలవు, గాయమైతే వైద్యం, ఈ మూడూ రాసి తీరాలి. మా రైల్వే అవి కాంట్రాక్టు లేకుండానే ఇచ్చింది. కోట్లు పెట్టి ఆటగాళ్ళని కొనేవాళ్ళకి ఒక డిగ్రీ ఫీజు లెక్కలోకి రాదు.

పక్కింటి కుర్రాడికి వచ్చిన ఫోను సంగతి ఆరా తీశాను. లీగు కాదు, లీగులో చోటు ఇప్పిస్తానన్న ఏజెంటు. రిజిస్ట్రేషన్‌కి 40 వేలు ముందు కట్టమన్నాడు. నిజమైన జట్టు ఏదీ ఆటగాడి దగ్గర డబ్బు అడగదు, ఆటగాడికి ఇస్తుంది. ఈ ముక్క వాళ్ళ నాన్నకి చెప్పగానే ఆయన ఏజెంటుకి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. అకాడమీ మాత్రం నిజంగానే ఉంది, సెలవుల్లో క్యాంపు ఉంది, దానికి వెళ్తానంటే నేనే రైలు టికెట్టు కొనిస్తానన్నాను. సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీకి జట్టు సెలక్షన్లు ఉన్నాయి, అవి అయ్యాక వెళ్ళమన్నాను. నాలుగో సెమిస్టరు పరీక్ష ఫీజుకి ఈ నెలాఖరు గడువు. రసీదు తెచ్చి వాళ్ళమ్మ చేతికి ఇమ్మన్నాను, ఆమె నాకు ఫోన్ చేస్తే టికెట్టు బుక్ చేస్తాను.